బూట్ల లెక్క ఆపించిన మొగిలి

తెలంగాణ రావడానికి ముందటేడు సంగతి. గోదావరిఖనిలో గని గేటు ముందున్న పోశవ్వ హోటల్లో, ఫస్టు షిఫ్టు దిగొచ్చిన సదానందం చాయ్ తాగుతున్నాడు గానీ మనసు చాయ్ మీద లేదు. బిడ్డ సంతోషి హైదరాబాదు నుంచి వచ్చి పది రోజులుగా ఇంట్లోనే కూర్చుంది. ఆమె కంపెనీ మిలిటరీకి సాఫ్ట్‌వేర్ రాసేది. ఏ కొండ మీది జవాన్లకు ఏ సైజు బూట్లు ఎన్ని పంపాలో చూసుకునే లెక్క. కంపెనీలో సగం వాటా విదేశీవాళ్లు కొనేసరికి మిలిటరీ ఆ పని ఆపేసింది, పిల్ల కొలువు ఊగులాటలో పడింది. బూట్ల లెక్కలో అంత రహస్యం ఏముందో సదానందానికి ఎంత ఆలోచించినా అంతుబట్టలేదు. ఎవరినైనా అడుగుదామంటే నామోషీ.

పక్క బెంచీ మీద నర్సింగం పేపరు మడిచి, "మిలిటరీ సాఫ్ట్‌వేర్ పనులు విదేశీ పొత్తున్న కంపెనీలకు ఇయ్యరట. ఆఖరికి బూట్ల లెక్క సుత బందువెట్టిన్రట" అన్నాడు.

"గది బందువెట్టిచ్చింది నేనే" అన్నాడు మొగిలి. గనిలోకి దిగేవాళ్లకు ల్యాంపు రూములో తలదీపాలు ఇచ్చేది ఇతనే. ఇతను నోరు తెరిస్తే పోశవ్వ పొయ్యి మీద ఇంకో గిన్నె చాయ్ పెడుతుంది.

"ఎట్లనే?" సదానందం దగ్గరికి జరిగాడు.

"ఏం లేదన్నా, ఢిల్లీల మిలిటరోళ్లకు ఓ కార్డు ముక్క రాసిన. 'అయ్యా, మా ల్యాంపు రూముల దీపాలు తగిలిచ్చే కొక్కాలు ఎన్ని ఖాళీగున్నయో సూసి, గనిల ఎందరున్నరో కిందికి దిగకుంటనే చెప్త. గట్లనే ఏ కొండకు ఎన్ని బూట్లు పోయినయో ఎరుకైతె, గాడ ఎందరు జవాన్లున్నరో పగోడు ఇంట్ల కూసోనే చెప్తడు' అని. గంతే."

సదానందం గ్లాసు కింద పెట్టాడు. పది రోజులుగా మనసులో పడ్డ ముడి వీడిపోయింది. కోతలరాయుడే గానీ ఈ మాట మాత్రం నిజం అనుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? మూడోనాటికి హెలికాప్టర్ అచ్చి ఓపెన్‌కాస్టు గని మట్టిగుట్ట మీద దిగింది, నాకు డ్యూటీ ఉన్నది రానంటె పెద్ద జనరలే నా బదులు కూసోని ల్యాంపులు ఇచ్చిండు, నేను ఢిల్లీ పోయిన..."

"మాటలు కోటలు దాటుతయ్, కాళ్లు గడప దాటవు" అంది పోశవ్వ.

"ఇనవే అవ్వా! కంప్యూటర్ నా ముందట పెట్టిన్రు. స్విచ్చి ఎయ్యద్దన్న. చెవి ఆనిచ్చి ఇన్న. లోపట బూట్లు టకటక నడుస్తున్నయ్. ఒక్కొక్కటి లెక్కవెట్టిన. పదకొండు లక్షల మూడు! జోడు లేకుంట ఒకటి మిగిలిందేందని మంత్రి పరేషాన్. 'విదేశపోడు ఒక కాలు లోపట పెట్టిండు సారూ' అన్న."

"మరి పట్టుకున్నవా?" నర్సింగం నవ్వాపుకుంటూ అడిగాడు.

"ఇడుస్తనా! కాలు పట్టి గుంజిన. మనిషి అచ్చిండు, ఎంబడి వాని కంపెనీ అచ్చింది, ఇంకింత గుంజితె వాళ్ల దేశం కొస సముద్రం మీదికెల్లి జరుక్కుంట అస్తున్నది! వాళ్ల రాజు ఫోన్ చేసి, 'మొగిలన్నా, ఇడువు, మా దేశం చినుగుతది' అని ఒకటే ఏడ్సుడు. గప్పటిసంది జనరల్ నన్నడగంది ఏ కంపెనీకి పని ఇయ్యడు."

హోటలంతా నవ్వింది. సదానందం నవ్వలేదు. జేబులోంచి సెల్‌ఫోన్ తీసి మొగిలి చేతిలో పెట్టాడు.

"తమ్మీ, గా బూట్ల లెక్క రాసింది మా సంతోషే. పని ఆగి పది దినాలాయె. జనరల్‌కు ఒక్క ఫోన్ కొట్టు. మీరు ఆపింది సక్కగనే ఉన్నది, పిల్ల మాత్రం మనదే, మన దేశపు కంపెనీల ఎక్కడన్న పెట్టియ్యుమని చెప్పు."

ఎవరూ నవ్వలేదు. మొగిలి ఫోన్ వైపు చూశాడు, సదానందం మొహం వైపు చూశాడు. నెమ్మదిగా ఫోన్ తిరిగి ఇచ్చాడు.

"అన్నా, నేను కాజీపేట దాటి ఎన్నడు పోలే."

"నాకెరుకనే తమ్మీ" అన్నాడు సదానందం. "అయినా అడుగబుద్ధయింది."