పాటలు అయిపోయాక

గత్తర, అంటే కలరా, తగ్గిన వారానికి, పంచాయతీ రేడియోను ఊరివాళ్లు ఎలా వింటున్నారో తెలుసుకోవడానికి కరీంనగర్ నుంచి ఒక ఉద్యోగి వచ్చాడు. రేడియో పెట్టి, ఆపే మనిషి ఇంట్లో లేడు. అతని భార్య గడపలో కూర్చుని జవాబు చెప్పింది.

“సాయంత్రం రేడియో కాడికి ఎవరెవరు వస్తరమ్మా?”

“పాటలకైతే ఊరంత వస్తది సారు. నడువరాని ముసలోళ్లు గూడ వస్తరు.”

“పాటలైనంక సర్కారు మాటలు చెప్తరు గద, అవి వింటరా?”

“ఎవలూ వినరు. పాటలు అయిపోంగనే మా ఆయన బందు జేస్తడు.”

“ఎందుకట్ల?”

“బ్యాటరీ అయిపోతే మీరు జల్ది ఇయ్యరు. పాటలు ఆగితే ఊరోళ్లు ఆయననే తిడ్తరు.”

“నీళ్లు కాగబెట్టి తాగుండ్రని రేడియోల రోజూ చెప్పిన్రమ్మా.”

“గా మాట ఇప్పుడే వింటున్న. నా బిడ్డకు వాగు నీళ్లే తాపిన. గత్తరొచ్చి పానం పోయింది.”

ఉద్యోగి తన రిపోర్టు కాగితం తీశాడు.

“వింటలేరని రాస్తే సర్కారోళ్లు ఈ రేడియో పెట్టె తీస్కపోతరు. అందరు విన్నరని రాయనా?”

“గట్ల రాస్తే, నేను విని గూడ వాగు నీళ్లే తాపినట్టు అయితది గద సారు.”

“మరి పెట్టె పోతే ఊరికి పాటలుండయి.”

“లేకపోతే లేకపాయె. వినలేదనే రాయుండ్రి. గీ పెట్టె ఇంకో ఊరికి ఇచ్చేటప్పుడు మాత్రం, జర రెండు బ్యాటరీలు ఇయ్యుండ్రి.”