మూఢంలో పుట్టిన గాడిద

వరదలో పోయినాయంట! విన్నారా? మీ క్యాసెట్లు వరదలో పోయినాయంట. ఆదోని నుంచి మంత్రాలయం దాకా బస్సులో నిలబడి పోయిన దానికి, మీ వదిన నాతో అన్న మొదటి మాట అది. నేనింకా చెప్పులు కూడా విడవలేదు.

ఆ చెయ్యి ఇట్లా ఇవ్వండి. నూనె చల్లారిపోతాంది. ఎడమది కాదు, కుడిది. వేళ్ళు బిగించుకోకండి, వదులుగా పెట్టండి.

మన వైపు ఏది పోయినా వరద మీదికే తోస్తారు కదండీ. ఇత్తడి గంగాళం అమ్ముకు తిన్నా వరదే. పట్టుచీర ఎలుక కొట్టినా వరదే. పాపం ఆ తల్లి తుంగభద్ర! ఇళ్ళలోకి వచ్చింది ఆ ఒక్క ఏడు. ఇప్పటికీ ఊరందరి అబద్ధాలూ మోస్తానే ఉంది. నాకు అసహ్యం వేసిందండీ. నిజంగానే వేసింది. పొద్దున్నే ఆ నీళ్ళలో మునిగి సంకల్పం చెప్పుకునే నోరు, మధ్యాహ్నానికి ఆ నీళ్ళ మీదే నింద వేస్తే!

అట్లా చూడకండి. మీ వదిన గురించి చెడ్డ చెప్తానని కదా మీ చూపు? ఇందక్కని నేను ఏనాడన్నా ఒక్క మాట అన్నానా? అందుకే మొదట్నుంచీ చెప్తాను. విని మీరే తేల్చండి.

ఉగాదికి ముందు మీరు పెరట్లో పడిపోయినప్పటి నుంచీ ఈ ఇంట్లో మాట్లాడేది నేనొక్కదాన్నే. గొంతుకేం కాలేదు, మాటలే దారి తప్పినాయన్నాడు కర్నూలు డాక్టరు. వస్తే వస్తాయి, లేకుంటే లేదన్నాడు. నేనేమో, ఆయన పాత గొంతు ఆయనకి వినిపిస్తే మాట తిరిగి వస్తుందని డాక్టరు చెప్పినాడని ఊరంతా చెప్పుకుంటా తిరిగినాను. చెప్పలేదండీ ఆయన. ఆ మాట నేను పుట్టించిందే. ఎందుకంటారా?

నాకే వినాలనుంది.

ఇన్నేళ్ళు చెవి పక్కన ఉన్న గొంతు కదా, యాడికి పోతుందిలే అనుకున్నాను. పోయింది. పూజ దగ్గర కళ్ళు మూసుకుంటే మా నాన్న గొంతు వస్తుంది, మీ అమ్మ దగ్గు వస్తుంది, ఎప్పుడో పాలు పోసినామె కేక కూడా వస్తుంది. మీది రావడం లేదు. పెదాలు కదిలేది కనపడుతుంది, శబ్దం లేదు. ఈ ఇంట్లో ఎవరి పెళ్ళిరోజు, ఎవరి తద్దినం, ఎవరు ఏ చీర కట్టుకున్నారు, అన్నీ నన్నే అడుగుతారు. అట్లాంటి దాన్ని, మీ గొంతు పోగొట్టుకున్నాను.

మన పెళ్ళి వీడియోలో ఉంటుందనుకుంటారేమో. దాంట్లో నాదస్వరం తప్ప ఏముంది?

ఉన్నదల్లా ఆ గాడిదలోనే.

నవ్వొస్తాందా? నాకు ఆ రోజుల్లో ఏడుపొచ్చేది. పీరా సాబ్ కేబుల్లో సాయంత్రం పూట పిల్లలకి వేసేవాళ్ళు కదా మీ అయిదు నిమిషాల బొమ్మలు! పత్తి మూట మోసుకొని ఆదోని మార్కెట్టుకి పోయే గాడిద. దాని వీపున కూర్చుని ఊరికే సలహాలిచ్చే గోరింక. గాడిదకీ మీరే, గోరింకకీ మీరే, పత్తి వ్యాపారికీ మీరే. మర్నాడు నేను సందెదీపం పెడతా ఉంటే వీధిలో పిల్లలు ఓండ్ర పెట్టేవాళ్ళు. "గాడిద మాస్టారు ఉన్నాడా?" అని తలుపు కొట్టేవాళ్ళు! ఎంత పరువుగల ఇల్లు!

డ్రాయింగు మాస్టరుకి కెమెరా ఎక్కడిది? ఊళ్ళో పెళ్ళిళ్ళు తీసే పీరా సాబ్ దగ్గర ఉన్నది ఒక్కటే. ముహూర్తాలు లేనప్పుడే అది మీ చేతికొచ్చేది. ఊరంతా మూఢం ఎప్పుడు విడుస్తుందా అని ఎదురుచూస్తే, మీరు పంచాంగం తిరగేసి "ఈసారి శుక్రమూఢం బాగా సాగుతుందే!" అని సంబరపడేవాళ్ళు. మనకు మూఢం, వాళ్ళకు మొహర్రం ఒక్కసారే వచ్చినాయంటే, ఇంక మిమ్మల్ని పట్టేవాళ్ళు లేరు. ఫ్యాను కొక్కేనికి కెమెరాని తలకిందులుగా కట్టి, కింద గాజు పలక మీద అట్టముక్కల గాడిదని పరిచి, దాని కాలు గోరంత జరిపేది, తీసేది. మళ్ళీ జరిపేది, మళ్ళీ తీసేది. నడిమధ్యలో కరెంటు పోయేది. వెలుతురు మారి గాడిద సగం పసుపు, సగం నీలం అయ్యేది. "దానికి ఎండ తగిలిందిలే" అనేవాళ్ళు మీరు. ఎంత తేలిగ్గా అనేవాళ్ళో!

సరే. మొదట పీరా సాబ్ దగ్గరికే పోయినాను. కేబులు లేదు ఇప్పుడు, స్టూడియో లేదు. ఆ గదిలోనే మనవడు అజ్మల్ సెల్లులు బాగు చేస్తాండాడు. ముసలాయన నన్ను చూసి లేచి నిలబడినాడండీ, మోకాళ్ళు పట్టుకొని. "అమ్మా, నీకాడ అబద్ధం ఆడను. నా కాపీల మీద నేనే పెళ్ళిళ్ళు ఎక్కించేసినా. క్యాసెట్లకి కరువు, సీజను మీదికొచ్చె. మంచి కాపీలు మాస్టరు తీస్కపోయినాడని ధైర్యం" అన్నాడు. ఒకటి వేసి చూపించినాడు. ఆయన కూతురు అల్మాస్ పెళ్ళి. అంతా అయిపోయి, అప్పగింతలు కూడా అయినాక, చివర ఒక రెప్పపాటు మీ గాడిద వెనక కాలు, తోక. తోక ఒక్కసారి ఊగింది. శబ్దం మాత్రం పెళ్ళి బ్యాండుదే. అంతే, మళ్ళీ చుక్కలు చుక్కలు.

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. చేసింది చేసినానని చెప్పినాడు కదా.

అప్పుడు అజ్మల్ సెల్లు తీసి, "అవ్వా, ఇట్లా పోగొట్టుకున్న బొమ్మల కోసం వెతికేటోళ్ళు శానామంది ఉంటారు" అని చూపించినాడు. నిజమేనండీ! ఎవరో రాసినాడు, ఆదోని కేబుల్లో గాడిద ఎవరికన్నా గుర్తుందా అని. కింద ఎంతమందో! ఒకడు అది గాడిద కాదు, గుర్రమంటాడు. ఒకడు గోరింక కాదు, చిలకంటాడు. ఒకామె అయితే అది బళ్ళారి నుంచి వచ్చేదని పందెం కాస్తాంది. మన ఇంట్లో పుట్టినదాని గురించి వాళ్ళు తగాదా పడతాంటే నాకు సంతోషమే అయింది, ఎందుకు దాచాలి? అందులో ఎమ్మిగనూరు వాడు రంగప్ప అని, "నా కాడ ఉంది" అని రాసినాడు.

పోయినాను ఎమ్మిగనూరుకి. బస్టాండు వెనక కంప్యూటర్ల అంగడి. కూర్చోబెట్టినాడు, గౌరవంగానే మాట్లాడినాడు. వేసినాడు.

ఛీ.

గాడిదకి మనిషి పళ్ళండీ! నిగనిగలాడతా ఒళ్ళు, పురి విప్పిన నెమలికి కూడా ఉండవు అన్ని రంగులు. నడుస్తా ఉంటే ఒకసారి నాలుగు కాళ్ళు, ఒకసారి అయిదు. నోరు తెరిస్తే ఏ ఊరిదో తెలియని తెలుగు. "ఇది మా వారు చేసింది కాదు కదప్పా" అంటే, "కంప్యూటరే చేసిందమ్మా, జనాలు చెప్పిన గుర్తులన్నీ దాంట్లో వేసినా, అసలుకన్నా బాగా వచ్చింది" అంటాడు! నేను లేస్తాంటే ఇంకో మాట. "మాస్టరు దగ్గు రికార్డు ఉన్నా తీసుకురాండి, గొంతు తయారు చేసిస్తా. మీరు ఏం మాట్లాడమంటే అది మాట్లాడుతుంది."

నేను ఏం మాట్లాడమంటే అది మాట్లాడే మొగుడు! విన్నారా? మీరు బాగున్న రోజుల్లోనే నాకు దొరకలేదది. ఆ అంగడి మెట్లు దిగి కొళాయి దగ్గర నోరు పుక్కిలించి ఉమ్మేసినాను. నేను ఏమీ తినలేదు ఆడ. అయినా నోరంతా అదోలా అయింది.

ఇంక మిగిలింది మంచి కాపీలు. మన మిద్దె కారుతాందని మీరే కదా మంత్రాలయంలో మీ అన్నగారింట్లో పెట్టినారు, రేకుపెట్టెలో? అటక మీద? అందుకే నిన్న పోయినాను. పోతే వరదంట.

ఆ ఇల్లు ఎత్తు మీద ఉంది, మీకు తెలీదా? ఆ ఏడు నీళ్ళు మూడో మెట్టు దాకా వచ్చి వెనక్కి మళ్ళినాయని ఇన్నేళ్ళుగా చెప్పుకుంటారు, రాఘవేంద్ర రాయరే కాపాడినాడని. కింద ఉన్న సాలగ్రామం పెట్టెని ముట్టుకోని నీళ్ళు, ఎగిరి అటక ఎక్కి మీ గాడిదని ఎత్తుకుపోయినాయా? నేను అడగలేదు ఆ మాట. గొంతు పెంచడం నాకు చేతకాదు కదా. ఊరికే అటక వైపు చూస్తా నిలబడినాను.

మీ అన్న కూతురు మేఘన పురిటికి వచ్చి ఉంది. బొప్పాయంత పొట్ట పెట్టుకొని గడపలో కూర్చుని పండు ఒలుచుకుంటా, ఏం తెలియనట్టు అన్నది: "వరదేందమ్మా? నువ్వే కదా పసుపు నీళ్ళలో ముంచింది! చిన్నమ్మా, వడియాల పక్కన ఎండబెట్టి, కాకులు రాకుండా కాపలా నన్నే కూర్చోబెట్టింది. చేతులు వారం దినాలు పసుపే!"

నాకు ఒక క్షణం అర్థం కాలేదండీ. క్యాసెట్లను. పసుపు నీళ్ళలో. ముంచడం.

మీ వదిన ఏమంది? సిగ్గుపడిందనుకున్నారా? "మూఢంలో చేసినవి, అవి మడి ఇంట్లోకి అట్లే తెచ్చుకోవాల్నా? ఎవరెవరి చేతులు పడినాయో" అన్నది. ఆ 'ఎవరెవరి' అన్నప్పుడు మూతి తిప్పిన తీరు చూడాల్సింది మీరు. పీరా సాబ్ చేతులే కదా? మీ అన్న పెళ్ళి తీసిన చేతులు కావా అవి? ఆ పెళ్ళి ఫొటోకి రోజూ పూలు పెడుతుందే, దాన్ని ఏ నీళ్ళలో ముంచింది? ఒక్కొక్క క్యాసెట్టూ మూడుమూడు సార్లు ముంచినానని చెప్తాంది నాతో, నేను మెచ్చుకుంటాననేమో!

నేనూ మడి కట్టుకునేదాన్నే. ఏకాదశికి మంచినీళ్ళు ముట్టనిదాన్నే. కానీ మడి అనేది మన ఒంటికి మనం పెట్టుకునే కట్టుబాటు కదండీ. ఇంకొకరి కష్టాన్ని నానబెట్టడానికా? ముంచింది సరే, తెలియక ముంచింది. చెప్పొచ్చు కదా? ఇన్నేళ్ళూ ఒక నది మీద పెట్టి కూర్చుంది! అదే నాకు మింగుడు పడదు.

ఇంకా ఉంది, వినండి. ఎండినాక అవి తిరగలేదంట. వాళ్ళ కౌలు రైతుకి ఇచ్చేసిందంట. అతను రిబ్బనంతా లాగి, కౌతాళం చేలో కట్టెకీ కట్టెకీ కట్టినాడంట, పిట్టలు వాలకుండా. గాలి కొడితే ఝుమ్మని మోగేదంట. "ఆ ఏడు గింజ పోలేదు" అంది ఇందక్క. గర్వంగా అంది! మీ గొంతండీ అది. చేలో ఎండకి ఎండి, ముక్కలై, దుక్కిలో కలిసిపోయింది. ఇంక యాడ వెతకాల నేను? కౌతాళం మన్నులోనా?

కాఫీ ఇచ్చింది. ముట్టలేదు. "నదిని అంటావా అక్కా" అన్నాను, అంతే. లేచి వచ్చేసినాను. ఆ ఊరికి పోయి రాయరి దర్శనం చేసుకోకుండా బస్సెక్కింది పుట్టి బుద్ధెరిగినాక నిన్ననే. బృందావనం ముందు నిలబడితే ఆమెని శపిస్తానేమోనని భయమేసింది.

ఏమండీ... చెయ్యి ఎందుకట్లా బిగిస్తారు? వదలండి, నూనె మీది నుంచి జారుతాంది. ఏమైంది? మొహం ఎందుకట్లా ఎర్రగా...

ఏమన్నారు?

ఇప్పుడు మీ నోట్లోంచి వచ్చింది... మాటేనా అది?

ఛీ! ఛీ ఛీ ఛీ! వదినని పట్టుకొనా? తల్లి తర్వాత తల్లంతటిది, ఆమెనా అంత మాట! అవతలే దేవుడి గది, దీపం కూడా కొండెక్కలేదు! బళ్ళో ఆ మాట అన్న పిల్లల చెవి మెలేసి ఎండలో నిలబెట్టేవాళ్ళు మీరు. రాఘవేంద్రా అనండని నెలల తరబడి చెవిలో పోరినాను, రాలేదు. నీళ్ళు అనమంటే రాలేదు. పద్మా అని నా పేరు ఒక్కసారి పిలవండని ఏడ్చినాను, రాలేదు. వచ్చి వచ్చి ఇదా వచ్చేది? ఎంత తేటగా వచ్చిందో, ఒక్క అక్షరం పొల్లు పోకుండా!

నేను అనను ఆ మాట. నా నోట రాదు. చెవులు కడుక్కోవాల నేను.

ఉండండి. కదలకండి. వీధి తలుపు వేసి వస్తాను, ఎవరన్నా వింటే మన పరువేం కాను.

ఆ. వేసినాను.

మళ్ళీ అనండి. ఇంకొంచెం గట్టిగా.