అత్తగారు బయట కూర్చోవాలి

నూజివీడు దగ్గర మామిడి తోటల మధ్య ఒక ఊళ్లో గర్భిణుల పరీక్ష రోజు. గదిలో నర్సు సుసన్నా, ఏడో నెల ప్రవల్లిక, ఆమె అత్త తులసమ్మ.

"నేను అడుగుతున్నది మీ కోడల్ని, తులసమ్మ గారూ. మిమ్మల్ని కాదు."

"ఎవరు చెప్తే ఏంటి? బాగా నిద్రపడుతోంది, బాగా తింటోంది. రాసుకో."

"ప్రవల్లికా, నువ్వు చెప్పమ్మా. నిద్ర పడుతోందా?"

"అత్తయ్య చెప్పారు కదండీ."

"ఊరికే ఏడుపొస్తోందా ఎప్పుడైనా?"

"ఎందుకొస్తుంది ఏడుపు? ఎనిమిదెకరాల తోట, ఇంట్లో పాడి, పక్కన నేను. నలుగుర్ని కన్నాను నర్సమ్మా, నిద్రపట్టిందా, ఏడుపొచ్చిందా అని నన్ను ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. బీపీ చూడు, పంపించు."

"చూశాను. ఎక్కువుంది. అందుకే అడుగుతున్నా. ఈ ప్రశ్నలడిగేటప్పుడు గర్భిణి ఒక్కతే ఉండాలి. మీరు కాసేపు బయట బెంచీ మీద కూర్చోండి."

"కూర్చోను."

"పది నిమిషాలే అండీ."

"అర నిమిషం కూడా లేవను. నా కోడలు. నా ఎదురుగానే అడుగు."

"మీ ఎదురుగా అడిగితే నిజం చెప్తుందా?"

"అంటే? నేను దీన్ని రాచి రంపాన పెడుతున్నాననా?"

"నేననలేదు, మీరే అన్నారు. ప్రవల్లికా, ఆ చెయ్యి ఇలా పెట్టు. మోచేతి పైన ఇలా కమిలిందేంటి?"

"అదీ... ఏం లేదండీ..."

"తోటలో కాయలు కోస్తుంటే కర్ర జారి తగిలింది. నేను పక్కనే ఉన్నా."

"ఎప్పుడు?"

"మొన్న ఆదివారం."

"మొన్న ఆదివారం మీ తోటలో కాయలున్నాయా?"

"ఉన్నాయి."

"శ్రావణ మాసంలోనా? నాది రెడ్డిగూడెమండీ. మా నాన్న ముప్పై ఏళ్లు తోటలు కౌలుకి చేశాడు. రసాలైపోయి రెండు నెలలైంది. చెట్టు మీద ఆకు తప్ప ఏముందని కోశారు?"

"కోశామంటే కోశాం. మా తోట గొడవ నీకెందుకు?"

"అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఈ ఊళ్లో చంటిపిల్లాడు కూడా నమ్మడు దాన్ని."

"నోరు జాగ్రత్త నర్సమ్మా. మా వాళ్లతో చెప్పానంటే రేపట్నుంచి ఈ ఊళ్లో అడుగు పెట్టలేవు."

"చెప్పండి. ఎవరికి చెప్తారో చెప్పండి. ప్రవల్లికా, ఎవరు కొట్టారు? ఈవిడేనా?"

"కాదండీ."

"భయపడకు."

"అత్తయ్య కాదండీ. వదిలెయ్యండి."

"ఎట్లా వదిలేస్తాను? కడుపులో బిడ్డ ఉంది. ఇంకోసారి ఆ కర్ర చేతికి కాకుండా కడుపుకి తగిలితే? తులసమ్మ గారూ, లేస్తారా లేవరా?"

"లేవను."

"సరే. మీ అబ్బాయి ఉదయ్ కిరణ్ బయటే ఉన్నాడుగా. ఆయన్ని పిలుస్తాను. మిమ్మల్ని ఆయనే తీసుకెళ్తాడు."

"వద్దు మేడం."

"ఎందుకమ్మా వద్దు?"

"వద్దండీ. మీకు దణ్ణం పెడతాను. ఆయన్ని పిలవకండి."

"ప్రవల్లికా..."

"నర్సమ్మా, గొంతు తగ్గించు. ఇలా దగ్గరికి రా. ఆ కిటికీ కిందే బండి మీద కూర్చున్నాడు వాడు. మన మాట ప్రతి ముక్కా వింటున్నాడు."

"అయితే మీరు ఇంతసేపూ..."

"వాడు వినాలనే. నేను లేచానంటే వాడొచ్చి ఈ కుర్చీలో కూర్చుంటాడు. పోయిన నెల వచ్చిన నర్సు కూడా నన్నిలాగే బయటికి పంపింది. వీడు మొగుణ్ణంటూ లోపలికొచ్చాడు. ఇది నోరు తెరవబోయిందని ఇంటికెళ్లాక రెండు రోజులు దీనికి అన్నం పెట్టనివ్వలేదు. నేను దొంగతనంగా పెట్టా. కన్నదాన్ని నేనే, చెప్పుకోవాలంటే సిగ్గుతో చచ్చిపోతున్నా."

"ఇప్పుడేం చేద్దామండీ?"

"దాని నోటి దగ్గర చెవి పెట్టి మొదటి ప్రశ్న నుంచి మళ్లీ అడుగు. నువ్వడిగినంతసేపూ నేను నిన్ను గట్టిగా తిడుతూనే ఉంటాను, ఏమనుకోకు."