మరమగ్గాల పక్క బడి

నగరిలో నేతవీధి ప్రాథమిక పాఠశాలకు వందేళ్లు నిండిన పండుగ. బయట మైకు సందడికి దూరంగా, పాత ఐదో తరగతి గదిలో రిటైరైన పంతులమ్మ కూర్చుంది. ఎదురుగా, చిన్నపిల్లల బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని, ఒకప్పటి శిష్యుడు.

"పక్క షెడ్డులో మరమగ్గాల మోత ఏమైందిరా? అప్పట్లో నేను గొంతు చించుకున్నా వెనక బెంచీకి వినపడేది కాదు."

"పాత ఇనుము కింద అమ్మేసినారు టీచర్. అయినా మాకు వినపడాల్సిన పనేముండాది? మీ పెదాలు సూసే పదారో ఎక్కం దాకా నేర్చుకుంటిమి."

"ఇప్పటి పిల్లలకు టీచరు గుసగుసలాడినా వినపడుతుంది. అదృష్టవంతులు."

"నాకు ఆ షెడ్డులోనే తల నెరిసింది టీచర్. ఆ మోతకు రెండు చెవులూ పోయినాయి."

ఆమె ఉలిక్కిపడింది. "మరి ఇంతసేపూ నాతో ఎట్లా మాట్లాడుతున్నావురా?"

"సెప్పినాను గదా. మీ పెదాలు నాకేమన్నా కొత్తా?"

ఆమె చప్పుడు లేకుండా పెదాలతోనే అతని పేరు పిలిచింది.

అతను చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ప్రెజెంట్ టీచర్."