కాయితం చూడకుండా

మంగళవారం, మధ్యాహ్నం మూడున్నర. పొద్దుట్నుంచి చర్చి నేలమాళిగలో బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పుకునే కుటుంబాల ప్రాచీన పద్ధతి చదువుల బృందంతో లాటిను వల్లెవేయడం అయ్యాక, పన్నెండు సీట్ల వ్యాను ఇంటిదారి పట్టింది. స్టీరింగు దగ్గర తల్లి లొరేన్. పక్కన పద్నాలుగేళ్ళ తిర్సా. మధ్య వరసలో నిద్రపోతున్న బుల్లి కవలలు. చివరి వరసలో, చెవులకు పాటలు తగిలించుకుని కళ్ళు మూసుకున్న పదేళ్ళ హదస్సా. సీట్లు పన్నెండున్నా పారిపోవడానికి తిర్సాకు ఒక్కటీ కనబడలేదు.

"...అది సంతకం కాదే తిర్సా, నా తలరాత. పెట్టను గాక పెట్టను."

"జిల్లా సైన్సు బళ్ళో సీటు రావడమే గొప్పమ్మా. రేపు నాలుగింటిలోగా కాయితం ఇవ్వకపోతే ఆ సీటు ఇంకొకళ్ళది."

"బడి బడి అని బడబడ వాగకు. బళ్ళో ఉన్నదేంటి, మన వంటింటి బల్ల మీద లేనిదేంటి?"

"కప్ప."

"ఏంటీ?"

"కోసి చూసే కప్ప. మైక్రోస్కోపు. నా ఈడు పిల్లలు. మన బృందంలో నా క్లాసుకి ఎంతమందిమి? నేనూ, బృందం నడిపే మిస్ డెలోరిస్ కొడుకూ. వాడు తుమ్మినా లాటిన్‌లోనే తుమ్ముతాడు."

"లాటిను నీకేం అన్యాయం చేసిందే పాపం?"

"అది లాటిను కాదమ్మా, లాఠీ. నాకు భక్తి లేక కాదు. ఆ విభక్తులంటేనే విరక్తి."

"చూశావా, చూశావా! ఈ మాటకారితనం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ చదువు నుంచే!"

"నీ నుంచమ్మా."

"...పొగిడితే పెడతాననుకోకు. ఇదుగో, ఇప్పుడెటు తిప్పాలి? వంతెన మూసేసి మన ప్రాణాలు తీస్తున్నారు."

"ఎడమకి. వరద తగ్గేదాకా ఈ చుట్టు దారేనట."

"దారి కూడా డొంకతిరుగుడే, అచ్చం నీలా. అసలు సంగతి చెప్పవు."

"చెబుతూనే ఉన్నా కదా."

"ఏం చెబుతున్నావ్? నా పరువు తీస్తానని చెబుతున్నావ్. ఇవాళేగా మిస్ డెలోరిస్ వచ్చే ఏటికి పెద్ద క్లాసు నాకు అప్పగించింది! పంతులమ్మ సొంత కూతురే ఆ క్లాసులో లేదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నువ్వు ఒప్పుకున్నావా?"

"ఒప్పుకోడానికి నన్ను అడిగితే కదా! చప్పట్లు కొట్టేశారు. చప్పట్లు కొట్టాక కాదంటే ఏం బావుంటుంది?"

"నాకు కుదరదు అనొచ్చుగా."

"అనొచ్చు. అని ఇంట్లో కూర్చోవచ్చు. ఒసే, వారం మొత్తంలో ఎదిగిన మనుషులు నాతో మాట్లాడేది ఈ ఒక్క మంగళవారమే. మీ నాన్న లారీ దిగేది వారానికి ఒక రాత్రి, అదీ నిద్రపోడానికి. మిగతా రోజులన్నీ కవలలతో 'ఉమ్మెయ్, మింగకు, ఉమ్మెయ్' తప్ప నాకు వేరే భాషే లేదు."

"నీకు వారానికో మంగళవారం ఉంది. నాకు వారమంతా అమంగళమే."

"పళ్ళు రాలతాయి."

"సారీ."

"చెల్లెల్ని చూసి నేర్చుకో. ఇవాళ గంటా నలభై నిమిషాలు ఏకబిగిన వల్లించింది! నూట అరవై చరిత్ర ఘట్టాలు, అధ్యక్షుల పేర్లు, పదిహేనో ఎక్కం, నీకు విరక్తి పుట్టించిన ఆ విభక్తులు! ఒక్కటంటే ఒక్క తప్పు లేదు. కంఠస్థ పతకం మెళ్ళో వేస్తుంటే మిస్ డెలోరిస్ కళ్ళు తుడుచుకుంది. అసలు కాయితం వంకే చూడలేదు పిల్ల!"

"చూడలేదు."

"చూడక్కర్లేదే దానికి!"

"చూడదమ్మా."

"ఏంటి ఆ ఈసడింపు? కుళ్ళా?"

"కుళ్ళు కాదు."

"దానికి కంఠస్థం, నాకు కంఠశోష. నువ్వు వెళ్ళిపోతే ఆ పిల్ల ఏమైపోతుందో ఆలోచించావా? నీ కొంగు వదలదు. రాత్రి పాఠం చదివి పెట్టేది నువ్వు, పొద్దున పాఠం చదివి పెట్టేది నువ్వు..."

"అదే నేనూ అడుగుతున్నా. నేను వెళ్ళాక ఎవరు చదివి పెడతారు?"

"అదే చదువుకుంటుంది."

"దానికి నువ్వు చదివి పెట్టమ్మా. రోజూ. ఓ గంట. అప్పుడు నేను సంతకం కూడా అడగను, పో."

"ఇదేం బేరం? ఇందాకటిదాకా సీటు సీటు అని ఏడ్చి... తిర్సా, ఇటు చూడు."

"నువ్వు రోడ్డు చూడు."

"రోడ్డు ఎక్కడికీ పోదు. ఏం దాస్తున్నావ్?"

"ఏం లేదు. దానిచేత ఎప్పుడైనా చదివించావా, నీ ఎదురుగా?"

"రోజూ రాయిస్తున్నాగా! చేతిరాత ముత్యాలే!"

"చూసి రాస్తుందమ్మా. బొమ్మ గీసినట్టు."

"నోర్ముయ్. పన్నెండేళ్ళదాకా నోరే పలక, చెవే పుస్తకం. మన పద్ధతే అది. అయినా దానికి అక్షరాలు నేర్పింది నువ్వే కదే? కవలలు పుట్టిన ఏడు, నేను మంచం దిగలేకపోతే, 'నేను నేర్పుతాలేమ్మా' అన్నది నువ్వే కదా?"

"నాకప్పుడు పదేళ్ళమ్మా."

"అయితే?"

"అయితే ఏం లేదు."

"ఇది నీ పన్నాగం. చెల్లెలికి చదువు రాదని నన్ను బెదిరించి, నన్ను బృందంలోంచి బయటికి లాగి... ఆగాగు! అదిగో, కంచెకి కొట్టిన ఆ చెక్క చూడు! ఎర్ర రంగుతో ఏం రాశారో చూడు! దేవుడే రాయించినట్టుంది!"

"అమ్మా, ఆపకు."

"'కుక్కపిల్లలు ఊరికే ఇస్తాం.' తిర్సా! పతకం వస్తే కుక్కపిల్లని తెస్తానని మాటిచ్చాను దానికి. రెండేళ్ళుగా కుక్కపిల్ల, కుక్కపిల్ల అని నా ప్రాణం తోడేస్తోంది. ఇది హదస్సాచేతే చదివిస్తా. అదే చదువుతుంది, అదే ఎగిరి గంతేస్తుంది, నువ్వు నోరు మూసుకుంటావు."

"అమ్మా, వద్దు. ఇంటికెళ్ళాక అడుగు. ఒక్కర్తివే ఉన్నప్పుడు అడుగు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఎందుకే అంత కంగారు? ఆపేశా. హదస్సా! ఓ హదస్సా! చెవుల్లోవి తియ్యి తల్లీ!"

"ఊఁ... ఇల్లొచ్చేసిందా అమ్మా?"

"రాలేదు బంగారం. కళ్ళు నులుముకో. కిటికీలోంచి ఆ ఎర్ర బోర్డు కనబడుతోందా?"

"కనబడుతోంది."

"దాని మీద ఏం రాసుందో చదివి చెప్పు. చదివావంటే వ్యాను తిన్నగా ఆ ఇంటికే తిప్పేస్తా."

"ఆ ఎర్రదేనా?"

"అదే. పెద్ద పెద్ద అక్షరాలేగా తల్లీ. మెల్లగా చెప్పు."

"తాజా గుడ్లు, అర మైలు."

"ఏంటి తల్లీ?"

"తాజా గుడ్లు, అర మైలు! దాని తర్వాత రంపం మిల్లు, రెండు మైళ్ళు. దాని తర్వాత 'మా చర్చికి రండి'. దాని తర్వాత వంతెన, దాని తర్వాత మనిల్లు. గుడ్లు కొనడానికి ఆగామా?"

"ఇది ఎప్పుడూ వెళ్ళే దారి కాదే నాన్నా. చుట్టు దారిలో వెళ్తున్నాం."

"ఓ."

"మళ్ళీ ఒకసారి చూడు."

"ఎర్రది గుడ్ల బోర్డే కదమ్మా... అక్కా?"

"నేనిక్కడే ఉన్నానే."

"తప్పు చెప్పానా?"

"తప్పేం కాదులే."

"చెప్పేశావా అమ్మకి?"

"లేదు. ఒట్టు. చెప్పలేదు."

"ఎన్నాళ్ళ నుంచే తిర్సా ఇది?"

"మొదట్నుంచీ అమ్మా. నేను నేర్పలేకపోయాను. దానికి అక్షరాలు నిలవవట, చీమల్లా పాకుతాయట. నాకేమో ఎలా చెప్పాలో తెలీలేదు. అది ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. అప్పట్నుంచి నేను చదువుతుంటే అది విని పట్టేస్తోంది."

"నాలుగేళ్ళు... అందరూ చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను."

"అమ్మా, అక్కని తిట్టకు. బోర్డు మీద ఏముందో ఒక్కసారి చదివి చెబితే చాలు. ఇంక జన్మలో మర్చిపోను. నా పతకం వెనక్కి తీసేసుకుంటారా?"

"తియ్యరు బంగారం. అది నీదే. 'కుక్కపిల్లలు ఊరికే ఇస్తాం' అని రాసుంది."

"నిజంగా? నిజంగానా? మరి ఆ ఇంటికి తిప్పుతావా?"

"తిప్పుతా."

"నేను చదవకపోయినా?"

"చదవకపోయినా తిప్పుతా. ఒక్క నిమిషం ఆగు. తిర్సా, ఆ కాయితం ఎక్కడ పెట్టావ్?"

"మడిచి బ్యాగులో పెట్టేశానమ్మా. పర్లేదు. నేను ఉండిపోతాలే."

"పెన్నుతో సహా ఇటియ్యి. ఇదుగో, పెట్టేశా. ఇప్పుడు చెప్పు... మనూళ్ళో చిన్నపిల్లల బళ్ళో చెల్లెల్ని వెయ్యడానికి ఇలాంటి కాయితం ఎక్కడిస్తారు?"