గొడ్లకనుమలో వెనక్కి ఎక్కిన లారీ

ఏంటి తేజా, గొడ్లకనుమ ఎక్కొచ్చావా? సగంలోంచే దిగి, తారురోడ్డున చుట్టు తిరిగొచ్చారా! మూడో మలుపు దగ్గరేగా? మరి నాకు తెలీదూ. నవ్వట్లేదయ్యా, కూర్చో, ఆ మంచం ఇటు లాక్కో. ఆదివారమొస్తే చాలు, నందిగామ నుంచీ బెజవాడ నుంచీ మీలాంటి కుర్రాళ్లు జీపులేసుకుని వస్తారు. ఆ లావు లావు టైర్లూ, నెత్తిమీద లైట్లూ, ఒళ్లంతా దుమ్ము కొట్టుకుని ఫొటోలు దిగి పోతారు. తప్పనట్లేదు, వయసలాంటిది. కాకపోతే మాకది సరదా దారి కాదు బాబూ, ఉన్నదే ఆ ఒక్క దారి. ఇప్పుడంటే కొండ చుట్టూ తిప్పి తారురోడ్డేశారు, జగ్గయ్యపేట ఆటో గుమ్మంలో ఆగుతోంది. అప్పుడు వేదాద్రి తిరనాళ్లకి పోవాలన్నా, పురుటికి పోవాలన్నా ఆ రాళ్లల్లోంచే. ఎడ్లబండి కూడా ఖాళీగా అయితేనే ఎక్కేది. ఆ కనుమలో లారీ ఎక్కించినవాడు నాకు తెలిసి ఒక్కడే, డేవిడ్‌రాజు. ఆయన ఎక్కించాడా, వాళ్లక్క రాహేలమ్మ ఎక్కించిందా అంటే మాత్రం ఇన్నేళ్లైనా నేను చెప్పలేను. నా కళ్లతో చూసి కూడా చెప్పలేను.

రాహేలమ్మ నీకు తెలీదులే, నువ్వు పుట్టక ముందే పోయింది. తమ్ముడూ పోయాడు ఆ తర్వాత. ఏలీయా అని మా చేలల్లో పత్తికి మందు కొట్టేవాడు, ఆయన భార్య. పుట్టిల్లు నందిగామ. మనిషి పొడుగు, బక్కపల్చన. గొంతు మాత్రం... అబ్బో, ఏం గొంతయ్యా అది! చర్చిలో పాటెత్తుకుంటే ఇక్కడ మా కొట్టంలో దూడలు తలెత్తి చూసేవి. మా ఆవిడ అనేది, "ఆ రాహేలమ్మ గుసగుసలాడితే చాలు, పక్కూరికి కబురంపక్కర్లేదు" అని. మా ఆవిడకి ఆమంటే భలే ఇష్టంలే. మిరపకాయల కోతలకి వస్తే తన పక్కనే ఉంచుకునేది. ఆ, ఏం చెప్తున్నా? తమ్ముడు. నందిగామలో బోరు లారీ డ్రైవరు. అక్కాతమ్ముళ్లకి మాటల్లేవు. వాళ్లమ్మ పోయినప్పుడు ఈవిడ వెళ్లలేదు. "అమ్మ మట్టికి రాని మనిషి నాకు అక్కేంటి" అని నలుగురిలో అనేశాడంట. ఆ మాట కనుమెక్కి ఈవిడ దాకా వచ్చింది. ఆవిడ కూడా తక్కువ తిన్లేదు, మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఎందుకెళ్లలేదో మాకెవరికీ చెప్పలేదు కూడా.

ఇంతలో కరువొచ్చింది. కుంటలో బురద తోడుకుని, పాత చీరలో వడకట్టుకుని తాగామయ్యా. పిల్లలకి వాంతులు, విరేచనాలు. మోజెస్ కూతురు పోయింది, మా పాలేరు కొడుకు పోయాడు. ఆడవాళ్లు బిందెలెత్తుకుని కనుమ దిగి, అవతల చేలల్లో మోటారు దగ్గర కాళ్లావేళ్లా పడి పట్టుకుని, మళ్లీ ఎక్కొచ్చేవాళ్లు. తిరిగి తిరిగి, ఆఫీసుల చుట్టూ తిరిగి, చివరికి బోరు వెయ్యడానికి బండి వస్తోందన్నారు. బండంటే ఒకటి కాదు, రెండు లారీలు. ఒకదాని మీద తవ్వే మిషను, రెండోదాని మీద గాలి కొట్టే కంప్రెసరు. రెండూ ఉంటేనే పని. వచ్చినయ్యి, కనుమ కింద ఆగినయ్యి. ఊరంతా అక్కడే ఉన్నాం. రెండో లారీ డ్రైవరు దిగి, పైకి చూసి, తాళాలు బానెట్ మీద పెట్టేశాడు. "నాకు చిన్నపిల్లలున్నారండీ, నా వల్ల కాదు" అన్నాడు. ఆయన్నేమనగలం? డేవిడ్‌రాజు మాత్రం, ముందు లారీ తోలుకొచ్చింది ఆయనే, కనుమ నడుచుకుంటూ ఎక్కాడు. నేనూ వెంట వెళ్లా. మూడో మలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. చూశావుగా, ఒక పక్క గోడలాగా బండ, ఎడమ పక్క లోయ. లారీ అంత పొడుగు బండి అక్కడ తిరగదు. "తిప్పడం కుదరదండీ. మలుపు తిరక్కుండా నేరుగా ఎదురుగా ఉన్న ఆ చదును దాకా పోయి ఆపి, అక్కణ్ణించి పై దారి మొత్తం రివర్సులో ఎక్కాలి. పైన వెడల్పొచ్చాక మళ్లీ ముందుకి తిప్పుకోవచ్చు. కానీ మిషను అడ్డం, నాకు వెనక ఏమీ కనపడదు. లోయ వైపు అసలే కనపడదు. వెనక నిలబడి చెప్పేవాళ్లు కావాలి. ఇంజను మోతలో వాళ్ల మాట నాకు వినపడాలి," అన్నాడు.

వెనక్కి తిరిగి చూస్తే రాహేలమ్మ. ఎప్పుడొచ్చిందో. తమ్ముడికీ ఆమెకీ మధ్య మూరెడు దూరం. ఆమె నా వంక చూసి, "కిష్టయ్యగారూ, వెనక నేనుంటానని ఆ డ్రైవరుతో చెప్పండి" అంది. ఇతను కూడా నా వంకే చూశాడు. "పట్టు తప్పితే ఏమవుద్దో తెలుసా అని ఆవిణ్ణి అడగండి." "తెలుసని చెప్పండి." నేనేం చెప్పాలయ్యా మధ్యలో! ఆవిడ అప్పటికే చెప్పులు విప్పేసింది, జారతాయని. కొంగు బిగించి దోపింది.

ఎక్కించాడు. ముందు మిషను లారీ. ఆ చదునులోకి పోనిచ్చి, ఆపి, రివర్సు గేరేశాడు. లారీ వెనకే దారి మధ్యలో, లారీకి ఎదురుగా మొహం పెట్టి నిలబడింది రాహేలమ్మ. బండి ఒక అడుగు వెనక్కొస్తే తనూ ఒక అడుగు వెనక్కి. వెనక్కి నడుస్తోందయ్యా, ఆ రాళ్లల్లో, ఎత్తుకి, కింద చూసుకోకుండా! "రా... రా... రా... కుడికి కొట్టు... చాలు. ఆపు. ఇప్పుడు రా." ఆ గొంతు కొండకి తగిలి తిరిగొస్తోంది. ఒకచోట ఎడమ టైరు కింద అంచు విరిగి రాళ్లు లోయలోకి దొర్లినయ్యి. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. ఆవిడ గొంతు మాత్రం పెరగలేదు, తగ్గలేదు. "కుడికి. ఇంకా కుడికి. నేనున్నా, రా." ఆ లారీ కొంచెం తూలి, చిన్నగా, ఏనుగు మోకాళ్ల మీద లేచినట్టు లేచింది. పైకి చేరాక ఎవరూ చప్పట్లు కూడా కొట్టలేదు.

మళ్లీ కిందకి దిగారు ఇద్దరూ, రెండోదాని కోసం. ఒకరి వెనక ఒకరు, మాటల్లేకుండానే. ఆ రెండో ఎక్కుడుంది చూడూ, అదయ్యా నేను చచ్చేదాకా మర్చిపోనిది. సగం ఎక్కాక డేవిడ్‌రాజు కిటికీలోంచి తల బయటికి పెట్టి ఒక్కసారిగా అరిచాడు, "అమ్మకి ఎందుకు రాలేదే నువ్వు?" ఆవిడ "కుడికి కొట్టు. వచ్చాన్రా!" అంది. "ఎక్కడికొచ్చావ్?" "ఇక్కడికే! ఆపు, రాయుంది. ఆ... రా. అమ్మ పోయిన రాత్రి వానకి ఈ దారి మొత్తం కొట్టుకుపోయిందిరా. ఇదిగో ఈ బండ మీదే కూర్చున్నా తెల్లారిందాకా. ఎడమకి కొంచెం. నీళ్లు తగ్గలేదు. రా, రా." "మరి చెప్పొచ్చుగా!" "నువ్వు అడిగితేగా! ఆపు, ఆపు, ఆపు!" ఆగింది. ఇంజను ఆగలా, లారీ ఆగింది. అతను స్టీరింగు మీద తల పెట్టేశాడు. రెండు చక్రాలు అంచు మీద ఉన్నయ్యయ్యా, అటూ ఇటూ అయితే అంతే సంగతులు. ఆవిడ బండి వెనక నుంచి కదల్లేదు. దగ్గరికీ రాలేదు. అక్కణ్ణించే అంది, "రాజూ, ఏడుపు పైకెళ్లాక. ఇప్పుడు కుడికి కొట్టు." అతను మొహం తుడుచుకుని కుడికి కొట్టాడు.

మొదటి బోరు ఒట్టి దుమ్మయ్యా. తెల్ల సున్నపురాయి పిండి, అంతే. మనుషుల మొహాలు చూళ్లేకపోయాం. రెండోది చర్చి వెనక వేశారు. గొట్టాలు దింపుతున్నారు, దింపుతున్నారు... ఒక్కసారి బుస్సుమని లేచింది, తాటిచెట్టంత! బురద నీళ్లే ముందు. జనం పిచ్చెత్తినట్టు ఎగబడ్డారు. మేమూ పేటలో వాళ్లూ అని లేకుండా అందరం కలిసి తడిశాం, ఈ ఊళ్లో అంతకు ముందెప్పుడూ జరగలేదది. డేవిడ్‌రాజు మాత్రం నీళ్లు తేరుకునేదాకా ఆగి, బకెట్టు నింపుకుని పోయాడు. రాహేలమ్మ చర్చి మెట్ల మీద కూర్చునుంది. అప్పుడు చూశామయ్యా ఆవిడ కాళ్లు. మడమలు చీలిపోయి, వేళ్లు రాళ్లకి చితికిపోయి, ఆ మెట్టంతా ఎర్రగా. పొద్దున్నించీ ఒక్క మాటనలేదే! అతను మోకాళ్ల మీద కూర్చుని, ఆ మొదటి మంచినీళ్లు అక్క కాళ్ల మీద పోసి, చేత్తో రుద్ది కడుగుతున్నాడు. ఆవిడ కాసేపు చూసి, అతని చెయ్యి పట్టుకుని ఆపి, "చాల్లేరా. పారబొయ్యకు, పిల్లలకి పట్టనీ" అంది.

...

ఉషశ్రీ! ఏమ్మా, ఈ అబ్బాయి ఇక్కడే తింటాడు, ఇంకో గ్లాసు బియ్యం పడెయ్యి.