ఒంటిగంట సూది

ఏం దీప్తమ్మా, ఇప్పుడు నువ్వు చెప్పే షుగర్ క్లాసుకు మొదట్లో ఎవరెవరు వచ్చేవాళ్లని అడగతాండావా? రాసుకో, మొదటి పేరు నాదే. గొప్పకు చెప్పుకోలా, ఉన్నమాట. ఈ ప్రొద్దుటూర్లో గుడ్డలంగడి సెట్లు శానామంది ఉండారు గానీ, ఇస్త్రీ చొక్కా ఏసుకోని, ముందు కుర్చీలో కూచోని, ఒక్క ఆదివారం గూడా తప్పనోడు ఈ శేషాద్రి ఒక్కడే. నాకు షుగరే లేదనుకో. ఉండింది మా ఇంటామె శకుంతలకు. ఆమె పోయి పదకొండేండ్లాయె. యాడుంటి? ఆఁ, మొదటివారం కల్యాణమండపంలో కుర్చీలు చాల్లేదు. కాసు ఖర్చులేకుండా రక్తపరీక్ష, పైన రాగి బిస్కట్లు! జమ్మలమడుగు నుంచి గూడా దిగిరి. బిస్కట్లు నిలిపేసినంక తొమ్మిదిమందిమి మిగిల్తిమి, అందరం మొగోళ్లమే. ఇన్సులిన్ సూదులు పొడుచుకునే ఆడోళ్లు ఇండ్లల్లో. అప్పటి మేడం, నీ మాదిరే సన్నగా ఉండె, "వాళ్లను పిల్చకరాండప్పా" అని బతిమలాడె. "వాళ్లొస్తే వంటెవరు చేస్తారు మేడం?" అంటి నేను. అందరూ నవ్విరి. నేను ఇంకా ఎక్కువ నవ్వితి.

ఇంటికొచ్చి శకుంతలకు పాఠం అప్పజెప్తాంటి. "ఒంటిగంటకు సూది. అర్ధగంటలోపల అన్నం. తినకపోతే ప్రాణానికే మోసం, తెలిసిందా?" "సరేలే" అనేది. ఆమె నేను తిన్యాక తినేది, పెండ్లయినప్పట్నుంచి అంతే. ఆ సంగతి మేడంకు చెప్పాలని నాకు తోచనే లేదు. గాలి పీలుస్తాండామని ఎవరన్నా డాక్టరుకు చెప్తారా?

ఒక ఆదివారం మేడం "ఈరోజు పాఠం మీరే చెప్పండి శేషాద్రిగారూ" అనె. ఇంగ జూడు! సూది, అర్ధగంట, అన్నం, గడగడా చెప్పేస్తి. చప్పట్లు. మా ఆదినారాయణ "ఇంకోసారి చెప్పు సెట్టన్నా" అంటే ఇంకోసారి. ఎప్పుడూ ఒంటిగంటకంతా ఇల్లు చేరేవాణ్ణి, ఆపొద్దు మూడాయె. శకుంతల వంటింట్లో పడుండాది. ఆస్పత్రి దంకా గూడా పోలేకపోతిమి. నా కంచం కడిగి, పీట ముందర పెట్టుండాది. ఆమె కంచం గూట్లోనే. సూది మాత్రం ఒంటిగంటకే ఏసుకునింది, నేను చెప్పినట్లే.

దినాలనాడు మా వెనకింటి ఖాతూన్‌బీ వాకిట్లో నిలబడి, "సెట్టీ, నువ్వు తినందే శకుంతలక్క తినదని వీధికంతా ఎరుకే. ఆడ క్లాసులో చెప్పలేదా?" అనె. ఆమే పోయి మేడంతో చెప్పె. క్లాసు పొద్దున నుంచి మూడుగంటలకు, ఆడోళ్ల పనులైనంకకు, మార్చిరి. నెలలోపల నలభైమంది, అందరూ ఆడోళ్లే. ముందు కుర్చీలో ఖాతూన్‌బీ. నేను పోవడం మానేస్తి.

ఏందీ, రేపు క్లాసుకొచ్చి ఈ మాటే చెప్పమంటావా? మళ్లీ చప్పట్లకా? వద్దుమ్మా. ఉండు, లోపల గిన్నెల చప్పుడు. మా కోడలు శ్రీవాణి. ఆమెకూ రెండేండ్లుగా షుగరు. మాత్ర మింగి కూచోనుంటాది, రెండవుతాంది, నేను తిన్యాక తిందామని. "నువ్వు తినుపోమ్మా" అనేది నేనింకా నేర్చుకోలా. నువ్వన్నా లోపలికి పోయి చెప్పు.